గుమ్మంలో మాట

ఆ ఏడాది జూన్ పదకొండున వానలు పట్టుకున్నాయి. పదమూడున మా ఆయన టీవీలో కనపడ్డాడు.

మొదట చూసింది అత్తయ్య. ఆవిడకు పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి టీవీ ముందు కూర్చోవడమే ఉద్యోగం. నేను వెనక వసారాలో ఆరని బట్టలు అటూ ఇటూ మారుస్తూ వానను తిట్టుకుంటున్నాను.

"కినుకో! తొందరగా రావే! మీ ఆయన్ని చూపిస్తున్నారు!"

ఆ గొంతులో ముందు సంబరమే ఉంది. మా అత్తగారి వంశంలో టీవీకెక్కినవాళ్ళు అప్పటిదాకా లేరు మరి. నేను తడిచేతులతో పరుగెత్తేసరికి ఆ సంబరం సగం దిగిపోయింది.

తెర మీద ఒక కొండదారి, వాన, చెక్కగేటు. గేటు ముందు రెయిన్‌కోటు తొడుక్కున్న ఒక ముసలావిడ వెదురు చీపురుతో తడి ఆకులు ఊడుస్తోంది. బస్సు దిగి గొడుగేసుకుని మా ఆయన వస్తున్నాడు. ముసలావిడ తలెత్తి, "ఒకాయెరి" అంది. మా ఆయన గొడుగు పక్కకు వంచి, తల వంచి, "తదాయిమా" అన్నాడు. అంతే. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లనే ఎర్రక్షరాలు పులిమి ఏడుసార్లు తిప్పి తిప్పి వేశారు. అత్తయ్య లెక్కపెట్టింది.

ఇంటికొచ్చినవాడు గుమ్మంలో "తదాయిమా" అంటాడు, ఇదిగో వచ్చేశానని. లోపలున్నవాళ్ళు "ఒకాయెరి" అంటారు, వచ్చావా అని. క్యోటోలో అయినా, ఎక్కడైనా, ఇల్లన్న ప్రతిచోటా రోజూ వినపడే మాటలే. మరి టీవీవాళ్ళకు అందులో ఏం కనపడిందంటే, మా ఆయన రాసిన పుస్తకం కనపడింది.

మా ఆయన హొసాకా తేయిజి, యూనివర్సిటీలో ప్రొఫెసరు. కొత్త మతాల మీద పరిశోధన ఆయన పని. మా క్యోటోకు ఉత్తరాన, వకాసా వెళ్ళే దారి కొండల్లో ఉజుమిబి అని ఒక చిన్న మతం ఉంది. నివురు కింద దాచిన నిప్పు అని ఆ పేరుకు అర్థం. బొగ్గులు కాల్చుకుని బతికిన ఒక వితంతువు మొదలుపెట్టింది. నాలుగువందల కుటుంబాలు, కొన్ని కూరగాయల మళ్ళు, పొద్దున్నే ఊడవడం, కలిసి భోంచేయడం, అంతే వాళ్ళ మతం. ఇరవై రెండేళ్ళుగా ప్రతినెలా రెండో ఆదివారం మా ఆయన అక్కడికి వెళ్ళివస్తున్నాడు. ఇన్నాళ్ళూ అది ఎవరికీ పట్టలేదు. కానీ ఆ మార్చిలో టోక్యో భూగర్భ రైళ్ళలో ఒక కొత్త మతంవాళ్ళు విషవాయువు వదిలారు. అప్పటినుంచి దేశంలో నలుగురు కలిసి కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు, కెమెరాలు వచ్చి గేటు ముందు వాలుతున్నాయి.

టీవీలో యాంకరు మా ఆయన పుస్తకం తెరిచి నలభై ఒకటో పేజీ చదివాడు. "ఉజుమిబివారు బయటివాళ్ళను 'రండి' అని మాత్రమే పిలుస్తారు. 'ఒకాయెరి' అన్న పలకరింపు తమలో చేరినవాళ్ళకే. దానికి 'తదాయిమా' అని బదులివ్వడమే వాళ్ళ ప్రమాణం. అంతకు మించి దీక్ష ఏమీ లేదు."

పుస్తకం మూసి యాంకరు నవ్వాడు. "ఇక మనం చెప్పేదేముందండీ, ప్రొఫెసర్‌గారే రాసిపెట్టారు!"

అత్తయ్య నావైపు తిరిగింది. "ఇంట్లో నోరు మెదపడు గానీ, అక్కడ చూశావూ, ఎంత ముద్దుగా అన్నాడో!"

ఆవిడకు ఎక్కడ పొడిస్తే ఎక్కడ నొప్పి పుడుతుందో చూడకుండానే తెలుస్తుంది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఆయన చెప్పులు విప్పే చప్పుడు వినగానే వంటింట్లోంచి "ఒకాయెరి" అని నేను అంటూనే ఉన్నాను. ఏదో ఆలోచిస్తూ నేరుగా బల్ల దగ్గరికి పోతాడు. జవాబు ఉండదు. ప్రొఫెసర్లింతే అనుకుని సరిపెట్టుకున్నాను. ఆయనకు ఆ మాట రాదేమో అని కూడా అనుకునేదాన్ని. వస్తుందని ఆ రోజు టీవీలో చూశాను. 

ఆ సాయంత్రం ఆయన భోజనానికి కూర్చోగానే అడిగాను.

"నిజం చెప్పండి. వాళ్ళలో చేరారా?"

"లేదు."

"మరి ఆ మాట?"

"నోరు జారింది. ఎవరైనా అలా పలకరిస్తే నోరు అదే అంటుంది కదా."

"నేను రోజూ పలకరిస్తున్నాను. ఎన్నిసార్లు జారిందేమిటి?"

ఆయన చేప ముళ్ళు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున వరసగా పేర్చాడు. అబద్ధం ఆడినప్పుడే ఆయన ముళ్ళు అంత జాగ్రత్తగా తీస్తాడు. అత్తయ్య కూడా చూసింది. చూసి, తన సూపు గిన్నెలోకి తల దించుకుంది.

ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. ఫోను మోగేది. ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట ఉండేది కాదు. వీధిలో ఇంటింటికీ చేతులు మారే నోటీసు పలకను పక్కింటావిడ ఎప్పుడూ బెల్లు కొట్టి, నాలుగు కబుర్లు చెప్పి ఇచ్చేది. ఇప్పుడు మా గేటుకు తగిలించి పోతోంది. వానకు తడిసి అందులో అక్షరాలు అలుక్కుపోయేవి. చెత్త ఎప్పుడు ఎత్తుతారో కూడా తెలియక రెండుసార్లు ఇబ్బంది పడ్డాం. టోఫూ కొనడానికి వెళ్తే నా ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు మాట ఆపేశారు. మా ఆయన క్లాసులో నలభై మంది ఉండేవాళ్ళు, ఆరుగురయ్యారు. ఆ ఆరుగురిలో ఒకడు పత్రికవాడని తర్వాత తేలింది.

డీన్ కురోయివా మా ఆయనకు చదువుకునే రోజుల నుంచి స్నేహితుడు. మనిషి మంచివాడే, భయస్థుడు. జూన్ చివర్లో ఒక కాగితం పంపాడు. అందులో రెండే వాక్యాలు. ఉజుమిబిలో నేను ఏనాడూ చేరలేదు. వాళ్ళతో సంబంధం నేటితో తెంచుకున్నాను. జులై ఇరవైన ప్రొఫెసర్ల సభ. ఈలోగా కింద, సంతకం బదులు వాడే పేరు ముద్ర వేసి పంపితే ఉద్యోగం నిలుస్తుంది.

మా ఆయన పెన్ను తీసుకుని రెండో వాక్యం కొట్టేశాడు.

"కొట్టేశారేం?" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "మొదటిది నిజమే అయితే రెండోదానికి అభ్యంతరమేమిటి? నాలుగు నెలలు వెళ్ళకపోతే కొంపలంటుకుంటాయా?"

"వెళ్ళాలి."

"ఎవరి కోసం?"

"కినుకో, నన్ను అడగకు."

అడగకు అన్నాక ఇంకేం అడుగుతాను? మనసు మాత్రం ఊరుకోలేదు. ఎవరో ఒకరున్నారు అక్కడ. దేవుడో, ఆడమనిషో. ఏదైనా నాకొకటే అనిపించింది. నేను అన్నం వండుతున్న ఇంటిని ఆయన బసగా వాడుకుంటున్నాడు, ఇల్లు వేరే ఉంది. ఈ మాట పైకి అనలేక పిచ్చెక్కినదానిలా చాపలకు పట్టిన బూజు తుడిచిందే తుడిచాను.

జులైలో రెండో ఆదివారం వచ్చింది. కెమెరాలున్నాయి, ఈ ఒక్కసారికి వెళ్ళకురా బాబూ అని కురోయివా ఫోనులో బతిమాలితే మా ఆయన సరేనన్నాడు. ఆ రోజంతా ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. మధ్యాహ్నం బస్సు వేళకు గడియారం ముందు నిలబడిపోయాడు.

మంగళవారం నేను బయల్దేరాను. పంటి డాక్టరు దగ్గరికని అత్తయ్యతో చెప్పాను. రైలు, ఆ పైన బస్సు, రెండు గంటలు. దారంతా ఒక వాక్యం కూడబలుక్కున్నాను. "నేను హొసాకా భార్యను. మా ఆయన్ని వదిలేయండి." మర్యాదగా ఒకసారి, గట్టిగా ఒకసారి పెదాలు కదిపి చూసుకున్నాను. బస్సులో పక్కనున్న తాత భయపడి కిటికీవైపు జరిగాడు.

కెమెరాలవాళ్ళు అప్పటికి ఇంకో మతం దొరికి అటు పోయారు. కొండదారి ఖాళీగా ఉంది. గేటు ముందు అదే రెయిన్‌కోటు, అదే చీపురు. నేను గొంతు సవరించుకుంటున్నాను. ఆవిడ తలెత్తి చూసింది. ఎంత తెల్లటి, పలచటి మొహమో.

"ఒకాయెరి," అంది. "అయ్యో, తడిసిపోయావే!"

"తదాయిమా," అన్నాను.

అనేశాక నోటిమీద చెయ్యి పెట్టుకున్నాను. కూడబలుక్కున్న వాక్యం ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ మాత్రం తృప్తిగా తల ఊపి మళ్ళీ ఆకులు ఊడ్చుకుంటోంది.

లోపలి నుంచి యాభై ఏళ్ళావిడ ఒకామె గబగబా వచ్చింది. పేరు ఒరియె, ఆ ముసలావిడకు మేనకోడలు. నేనెవరో చెప్పగానే ఆమె మొహం వాడిపోయింది. లోపలికి తీసుకెళ్ళి బార్లీ నీళ్ళు ఇచ్చింది.

"ఆవిడ యొనె అమ్మ," అంది ఒరియె. "ఈ మతం పెట్టినావిడ కూతురు. ఇప్పుడు మాకు పెద్ద ఆవిడే. రోజూ పొద్దున్న ఆవిడ చెప్పిన మాట రాసుకుని నాలుగొందల ఇళ్ళకు పంపుతాం."

"గేటు దగ్గర నన్ను ఎవరనుకున్నారావిడ?"

"ఏమో. చలికాలం నుంచి అందరినీ అలాగే అంటోంది. పోస్టుమాన్‌ని కూడా. అతను నవ్వుకుంటూ పోతాడు." నీళ్ళ కూజా పక్కన పెట్టింది. "మీ ఆయన్ని మాత్రం వాళ్ళన్నయ్య అనుకుంటోంది. తొకుజో అని, యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. జనవరిలో మొదటిసారి ఒకాయెరి అన్నప్పుడు ప్రొఫెసర్ జవాబు చెప్పకుండా నిలబడ్డారు, ఆ మాట మాకెంతదో ఆయనకు తెలుసు కదా. యొనె అమ్మ చీపురు పడేసి చిన్నపిల్లలా ఏడ్చింది. అన్నయ్య పలకట్లేదు, చచ్చిపోయాడా ఏమిటి అని. మర్నెల నుంచి ఆయన జవాబు చెబుతున్నారు."

బయట చీపురు చప్పుడు వినపడుతోంది.

"మొన్న ఆదివారం బస్సు వచ్చి వెళ్ళిపోయినా గేటు వదల్లేదు. అన్నం తినలేదు," అంది ఒరియె.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"ప్రొఫెసర్‌కి, నాకు. ఇప్పుడు మీకు."

"మీవాళ్ళను మోసం చేస్తున్నట్టు కాదూ?"

"కావచ్చు. చలికాలంలోపు మెల్లగా అందరికీ చెప్పుకుందామనుకున్నాం. ఇప్పుడీ కెమెరాల మధ్య ఎలా చెప్పను? మతిపోయిన ముసలిదాని మాట మీద నాలుగొందల ఇళ్ళు ఆడుతున్నాయని రేపే వేస్తారు. ఆవిడ మొహం ఎంత దగ్గరగా చూపిస్తారో తల్చుకుంటేనే నాకు నిద్ర పట్టట్లేదు." ఆమె నా కప్పులో మళ్ళీ నీళ్ళు పోసింది. "ఈ ఒక్క ముక్క చెబితే మీ ఆయన గండం గట్టెక్కుతుంది. మాకు తెలుసు. ఆయన చెప్పలేదు."

ఎవరికీ చెప్పనని మాట ఇమ్మని అడిగి ఉంటే బాగుండేది. ఇవ్వనని లేచి వచ్చేదాన్ని. ఆమె అడగలేదు. బస్సు దాకా వచ్చి, చాలాసేపు వంగి నమస్కారం చేసింది.

ఇంటికి చేరేసరికి అత్తయ్య గడియారం చూపించింది. "ఇంతసేపా? నోట్లో ఎన్ని పళ్ళున్నాయేమిటే నీకు?"

ఆ వారం నాకు తిండి సహించలేదు. ఆయనలో తప్పు లేదని తెలిసి సంతోషించాలి కదా. సంతోషించాను కూడా, ఒక గంటసేపు. ఆ తర్వాత భయం రెట్టింపైంది. ఇదివరకు మా ఆయన్ని కాపాడటం నా చేతిలో లేదని ఏడ్చాను. ఇప్పుడు ఉంది. బియ్యం కడుగుతున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ ఒక్క ముక్క నాలుక చివరే ఉండేది. వెళ్ళివచ్చానని ఆయనతోనూ అనలేదు. అంటే, చెప్పొద్దని అడుగుతాడు. అడిగితే, ఆయనకు ముందు ఆ ముసలావిడ, తర్వాతే నేను అని తేలిపోతుంది. ఆ తేలడం నేను భరించలేను.

పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం కురోయివా తనే వచ్చాడు. మా ఆయన లైబ్రరీలో ఉన్నాడు. అత్తయ్య లోపల నిద్రపోతోంది. లోపలికి రమ్మన్నా రాలేదు, చెప్పులు విప్పే చోట మెట్టు మీదే కూర్చుని మెడ తుడుచుకున్నాడు.

"కినుకో గారూ, ఎల్లుండే సభ. పద్దెనిమిది మందిలో పదిమంది ఆయన్ని పంపించేద్దామంటున్నారు."

"రెండో వాక్యం ఆయన రాయరండీ."

"రాయొద్దు. దాన్ని నేనెలాగో సర్దుకుంటాను. ఆ మాట ఎందుకన్నాడో ఒక కారణం చెప్పండి చాలు. మనుషులు నమ్మే కారణం. వాడిని అడిగితే నోరు జారిందంటాడు. ఆ పుస్తకం రాసిన మనిషికి అక్కడ నోరెలా జారుతుందని వాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. నేనేం చెప్పను?"

కారణం నా దగ్గరుంది. విన్నవాడు ఎవడైనా నమ్మే కారణం. విని కళ్ళు తుడుచుకునే కారణం కూడా. చెప్పేద్దామని నోరు తెరిచాను. అబద్ధమెందుకు, నిజంగానే తెరిచాను. పద్దెనిమిది మంది వింటారు, ఎవరో ఒకరు బయట అంటారు. శనివారానికల్లా కెమెరాలు ఆ తెల్లటి మొహం మీదికి వెళ్తాయి.

"అలవాటండీ," అన్నాను.

"ఏమిటి?"

"ఆయన రోజూ ఇంటికి రాగానే తదాయిమా అంటారు. నేను ఒకాయెరి అనేదాకా చెప్పులు కూడా విప్పరు. ఇరవై నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. అలాంటి మనిషిని గేటు దగ్గర ఎవరో అలా పలకరిస్తే ఇంకేమంటారు చెప్పండి? పుస్తకం చేత్తో రాశారు గానీ, నోటికి పుస్తకాలు తెలీవు కదా."

ఎక్కడా తడబడలేదు. ఇన్నేళ్ళూ జరగాలనుకున్నది జరిగినట్టు చెప్పడానికి తడబాటెందుకు? కురోయివా అక్కడే కాగితం తీసి రాశాడు. నేను ముద్ర తెచ్చి నా పేరు పక్కన వేశాను. 

"మా ఇంట్లో ఈ మాటలు పోయి చాలా ఏళ్ళయిందండీ," అన్నాడు లేస్తూ. "హొసాకా అదృష్టవంతుడు."

సభలో ముగ్గురు మనసు మార్చుకున్నారట. ఉద్యోగం నిలిచింది. కానీ ఆయన పాతికేళ్ళుగా చెబుతున్న పాఠం ఎత్తేశారు. కొత్త మతాలు అన్న పేరే సిలబస్‌లో ఉండకూడదన్నారు. ఇకమీదట మొదటి ఏడాది పిల్లలకు మతాల చరిత్ర, బుద్ధుడితో మొదలుపెట్టి ఎక్కడో పాతకాలంలో ఆపేయాలి. ఆయన గది ఖాళీ చేసి పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాడు. "ఇంతటితో పోయింది, నయమే," అన్నాడు. ఆ మొహం చూస్తే నయంగా అనిపించలేదు. ఇరవై రెండేళ్ళు ఒక కొండదారి ఎక్కి దిగిన మనిషి చేసిన చదువంతా ఆ అట్టపెట్టెల్లో మూతపడింది. నాకు చాలా కష్టంగా అనిపించింది.

వానలు వెళ్ళిపోయిన మూడో రోజు అత్తయ్య వారపత్రిక కొనుక్కొచ్చింది. మా ఆయన పెట్టెలు విప్పుకుంటున్నాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది.

"'నా భర్త ప్రతిరోజూ గుమ్మంలో తదాయిమా అంటారని భార్య వాంగ్మూలం'..." పత్రిక దించి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏ భర్తే ఇది? నాకు తెలీకుండా ఇంకొకడున్నాడా నీకు?"

మా ఆయన చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. 

"నిజం తెలియకపోతే ఈ అబద్ధం ఆడవు. నువ్వు అక్కడికి వెళ్ళావు," అన్నాడు.

"వెళ్ళాను."

"యొనె అమ్మను చూశావు."

"చూశాను. ఎవరితోనూ అనలేదు. అనకుండా ఉండటానికే కదా ఆ కాగితం."

అత్తయ్య మా ఇద్దరి మొహాలూ చూసి, పత్రిక మడిచి పట్టుకుని లోపలికి వెళ్ళింది.

"నిన్నేమని పలకరించింది?"

"ఒకాయెరి అన్నారు."

"నువ్వేమన్నావు?"

"తదాయిమా అన్నాను."

ఆయన అట్టపెట్టె దాటి వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. చెయ్యి దానంతటది చొక్కా జేబులోకి వెళ్ళింది. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. పేజీ తిప్పి, పెన్సిలు మొన ఆనించి, నా కళ్ళలోకి చూశాడు. ఎంతమంది ముసలమ్మలను అలా ఎదురుగా కూర్చోబెట్టుకుని, అంత ఓపిగ్గా చూసి ఉంటాడో. నన్ను అలా చూడటం అదే మొదలు.

"ఎందుకన్నావు కినుకో?"

"రాసుకునేటట్టయితే చెప్పను."

ఆయన నోటుపుస్తకం మూసి పక్కన పెట్టాడు. పెన్సిలు దాని మీద పెట్టాడు.

"చెప్పు."

"ఇంట్లో ఉండేదాన్ని నేనే కదా," అన్నాను. "ఎవరొచ్చినా ఆ మాట నేనే అనాలి. నాతో ఎవరూ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదండీ. ఆవిడ ఎవరనుకుని అన్నారో నాకు తెలీదు. నా నోరు మాత్రం నన్నే అనుకుంది."